దీపం పెట్టే వేళకు మసకబారే టీవీ: తిరుపతిలో ఒక ఇంటి వీడియో ఫిర్యాదు

తిరుపతి పద్మావతీపురంలో, తిరుచానూరు రోడ్డుకు లోపలి వీధిలో ఉన్న ఒక ఇంటి నుంచి గత అక్టోబరులో నాకు వచ్చిన ఫిర్యాదు, పైకి చూస్తే నేను వారానికి నాలుగైదుసార్లు వినేదే. టీవీలో వీడియో మసకబారుతోంది, మధ్యమధ్య ఆగిపోయి చక్రం తిరుగుతోంది, పెద్ద ఇంటర్నెట్ ప్లాన్ ఉన్నా ఫలితం లేదు. ఇళ్లకూ చిన్న ఆఫీసులకూ నెట్‌వర్క్ పనులు చేసే నేను దీన్ని ఒక పూటలో ముగించవచ్చనుకున్నాను. మూడుసార్లు వెళ్లవలసి వచ్చింది. మొదటి రెండుసార్లూ, మధ్యలో ఫోన్‌లో మరోసారి, తప్పు కారణాన్నే పట్టుకున్నాను. అసలు కారణం కన్నా ఆ తప్పులే ఈ పనిలో ఉన్నవారికి ఎక్కువ ఉపయోగపడతాయనిపించి, వాటిని దాచకుండా జరిగిన క్రమంలోనే రాస్తున్నాను.

ఇంటి యజమాని పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు. కింద పోర్టికో, ఒక అద్దె వాటా; మొదటి అంతస్తులో సార్, వారి భార్య ఉంటారు; పైన డాబా. వీధి స్తంభం నుంచి వచ్చిన ఫైబర్ మొదటి అంతస్తు బాల్కనీ గుండా ముందు గదిలోకి వస్తుంది. అక్కడే, ఒక ఇనుప బీరువా పక్కన, సంస్థ ఇచ్చిన రౌటర్ ఉంది. టీవీ హాల్లో ఉంది. రెండింటి మధ్య దూరం సుమారు తొమ్మిది మీటర్లు, అడ్డంగా రెండు ఇటుక గోడలు. టీవీ 2018లో కొన్న 43 అంగుళాల స్మార్ట్ టీవీ. దానిలో ఉన్న వైఫై 2009లో ఖరారైన 802.11ఎన్ ప్రమాణానిది, అదీ 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో, అంటే వైఫై వాడే రేడియో తరంగాల పట్టీలలో ఒకదానిలో, మాత్రమే పనిచేసేది. ఈ చివరి సంగతిని గుర్తుంచుకోవాలి. ఇంట్లో వాళ్లను తప్పుదారి పట్టించింది ఇదే.

మొదటిసారి నేను ఆదివారం ఉదయం పదకొండు గంటలకు వెళ్లాను. అమ్మగారు చెప్పిన మాటలు నా నోటు పుస్తకంలో ఇప్పటికీ ఉన్నాయి. "పగలంతా బాగానే వస్తుంది నాయనా. సందె దీపం పెట్టే వేళకి మొదలవుతుంది. స్వామి వాహనం మీద వస్తా ఉంటే ముఖమే కనపడదు, అంతా గళ్లుగళ్లుగా అయిపోతుంది." ఆవిడ రోజూ సాయంత్రం యూట్యూబ్‌లో శ్రీవేంకటేశ్వర భక్తి ఛానల్ ప్రత్యక్ష ప్రసారం చూస్తారు. నేను ఆ మాటల పక్కన "సాయంత్రం రద్దీ" అని రాసుకున్నాను. ఆవిడ చెప్పింది ఒకటి, నేను రాసుకున్నది మరొకటి అని తెలియడానికి ఇరవై రోజులు పట్టింది.

సార్ తన ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ చేసి చూపించారు. వంద ఎంబీపీఎస్ (సెకనుకు వంద మెగాబిట్లు) ప్లాన్‌కు 94 వచ్చింది. ఆయన వాదన సహజమైనదే: ఇంత వేగం వస్తున్నప్పుడు టీవీకి ఏం రోగం? కానీ ఆయన ఫోన్ కొత్తది, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కు కలిసి ఉంది, ఆయన రౌటర్ ఉన్న గదిలోనే నిలబడి ఉన్నారు. టీవీ వేరే బ్యాండ్‌లో, వేరే గదిలో, రెండు గోడల అవతల ఉంది. ఒకే రౌటర్ నుంచి వస్తున్నా అవి రెండు వేర్వేరు దారులు. ఒక దారి ఖాళీగా ఉందని రెండో దారి గురించి ఏమీ చెప్పలేం. అందుకని ఫోన్‌ను 2.4 బ్యాండ్‌కు మార్చి, టీవీ వెనకాల పెట్టి మళ్లీ పరీక్షిస్తే 22 వచ్చింది. యూట్యూబ్ తన సహాయ పేజీలో 1080పీ వీడియోకు 5, 4కే వీడియోకు 20 ఎంబీపీఎస్ చాలునని చెబుతుంది. అంటే ఆ తక్కువ దారిలో కూడా అవసరానికి నాలుగింతల వేగం ఉంది.

పక్క భవనం హాస్టల్ కావడంతో చుట్టూ 2.4 బ్యాండ్‌లో పద్నాలుగు నెట్‌వర్క్‌లు కనిపించాయి. ఈ బ్యాండ్‌లో ఒకదానిపై ఒకటి పడకుండా వాడుకోగలిగినవి 1, 6, 11 అనే మూడు ఛానళ్లు మాత్రమే. వారి రౌటర్ తనంతట తానుగా 9ని ఎంచుకుని అటు 6తోనూ ఇటు 11తోనూ కొట్లాడుతోంది. దాన్ని 1కి మార్చి, ఛానల్ వెడల్పును 20 మెగాహెర్ట్జ్‌కు తగ్గించి, రౌటర్‌ను బీరువా పక్క నుంచి తీసి గోడకు ఎత్తుగా బిగించాను. టీవీ దగ్గర వేగం 34కు చేరింది. ఇనుప బీరువా, నిలువుటద్దం, నీళ్ల ట్యాంకు, ఈ మూడూ మన ఇళ్లలో వైఫైకి పెద్ద అడ్డంకులు. ఇంత చేశాక పని అయిపోయిందనుకుని వచ్చేశాను. చేసిన మార్పులు మంచివే. అయితే నేను నయం చేసినది పగటి జబ్బును. ఫిర్యాదు రాత్రి జబ్బు గురించి.

ఆ సాయంత్రమే ఫోన్ వచ్చింది, ఏమీ మారలేదని. నేను ఇంటర్నెట్ సంస్థ మీద అనుమానం పెట్టాను. ఆ అనుమానం పూర్తిగా నిరాధారమైనది కాదు. ఒక ఫైబర్‌ను అనేక ఇళ్లకు పంచే జీపాన్ పద్ధతిలో ఒక పోర్టు నుంచి వచ్చే 2.488 జీబీపీఎస్‌ను 32 ఇళ్లో 64 ఇళ్లో పంచుకుంటాయి. సాయంత్రం అందరూ ఒకేసారి చూస్తే, ముఖ్యంగా సంస్థ తాను పైనుంచి తగినంత బ్యాండ్‌విడ్త్ కొనకపోతే, ఆ వేళకు వేగం పడిపోవడం ఉంది. సంస్థకు ఫిర్యాదు చేయమన్నాను. లైన్‌మన్ వచ్చి కనెక్టర్ మార్చి వెళ్లాడు. కస్టమర్ కేర్ వారు రెండు వందల ప్లాన్‌కు మారమన్నారు. మారమంటారా అని సార్ నన్ను అడిగినప్పుడు "చూడండి సార్" అన్నాను. ఆ ఒక్క మాటతో ఆయన మూడు నెలల డబ్బు ముందుగా కట్టారు. కొలవకుండా చెప్పిన సలహా అది. ఈ కేసులో నాకు ఇప్పటికీ గుచ్చుకునేది అదే.

అక్టోబరు మూడో వారంలో వానలు పట్టుకున్నాయి. ఒకరోజు సార్ ఫోన్ చేసి, ముందు రోజు మధ్యాహ్నం నుంచి మబ్బు కమ్మి ఉందనీ, ఆ రోజు టీవీ ఐదు గంటలకే మసకబారడం మొదలైందనీ చెప్పి, వానకూ దీనికీ సంబంధం ఉందా అని అడిగారు. నా బుర్ర వెంటనే ఫైబర్ జాయింట్ పెట్టె మీదకు పోయింది. అందులోకి నీరు దిగి ఉంటుందనుకుని రెండోసారి వెళ్లాను. పవర్ మీటర్ పెట్టి చూస్తే ఇంట్లోకి వచ్చే కాంతి మైనస్ 21 డీబీఎం ఉంది (ఇది సిగ్నల్ బలం కొలత; మైనస్ పక్కన అంకె పెరిగే కొద్దీ సిగ్నల్ బలహీనం). ఇలాంటి పరికరాలు సాధారణంగా మైనస్ 27 వరకు సాఫీగా పనిచేస్తాయి. బయట తుంపర పడుతూనే ఉంది, ఆ సంఖ్యలో చలనం లేదు. అంతకన్నా ముందు ఆలోచించవలసిన సంగతి ఒకటుంది. నీరు దిగిన జాయింట్ పొద్దున్నే బాగై సాయంత్రానికి చెడదు. అయినా ప్యాచ్ కార్డ్ (చిన్న ఫైబర్ తీగ) ఒకటి మార్చి, ఏదో చేశాననిపించుకుని వచ్చాను.

ఇంటికి వచ్చాక నోటు పుస్తకం తెరిచి తేదీలు, వేళలు వరసగా రాసుకుంటే ఒక విషయం కనిపించింది. సెప్టెంబరులో ఈ బాధ ఆరున్నర ప్రాంతంలో మొదలయ్యేదని సార్ మొదటిసారే చెప్పారు. అక్టోబరు చివరికి వచ్చేసరికి ఆరు లోపే మొదలవుతోంది. మబ్బు పట్టిన రోజు ఐదుకే. జనం ఆఫీసుల నుంచి ఇళ్లకు చేరి టీవీ పెట్టే వేళ రోజురోజుకూ ముందుకు జరగదు, మబ్బును చూసి అసలే జరగదు. జరిగేది పొద్దు ఒక్కటే. అమ్మగారు గడియారం చూసి చెప్పలేదు, దీపం పెట్టే వేళ అన్నారు. అంటే చీకటి. ఇంట్లో చీకటిని చూసి పనిచేసే వస్తువు ఏదో ఒకటి ఉండాలి.

మూడోసారి సాయంత్రం నాలుగున్నరకే వెళ్లాను. అవసరమైనది ఒకే పరీక్ష: చిక్కు ఇంటి బయట దారిలో ఉందా, ఇంటి లోపల గాలిలో ఉందా అని తేల్చడం. నా ల్యాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో రౌటర్‌కు కలిపి, అవతలి పరికరం ఎంతసేపటికి జవాబిస్తుందో కొలిచే పింగ్‌ను అక్కడి నుంచి రౌటర్‌కు ఒకటి, బయట ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8కు మరొకటి ఆపకుండా నడిపాను. సార్ ల్యాప్‌టాప్‌ను టీవీ పక్కన స్టూలు మీద పెట్టి, 2.4 వైఫైకి కలిపి, రౌటర్‌కే పింగ్ పెట్టాను. టీవీలో అమ్మగారి ప్రసారం పెట్టి, యూట్యూబ్ సెట్టింగ్స్‌లో ఉండే స్టాట్స్ ఫర్ నర్డ్స్ అనే అంకెల పట్టీని తెరిచాను. ఈ పట్టీని చాలామంది టెక్నీషియన్లు కూడా వాడరు. అందులో రెండు వరసలు చాలు. బఫర్ హెల్త్, అంటే ముందుగా దాచుకున్న వీడియో నిల్వ, తగ్గుతూ ఉంటే డేటా సరిగా అందడం లేదని అర్థం. బఫర్ నిండుగా ఉండి డ్రాప్డ్ ఫ్రేమ్స్ (చూపించకుండా వదిలేసిన చిత్రాలు) పెరుగుతూ ఉంటే నెట్‌వర్క్ నిర్దోషి, టీవీ ప్రాసెసరే అలసిపోతోందని అర్థం.

ఐదున్నర దాకా ఏమీ జరగలేదు. మూడు పింగులూ నిలకడగా ఉన్నాయి. కేబుల్ మీద రౌటర్‌కు 1 మిల్లీసెకను, బయటకు 14. వైఫై మీద రౌటర్‌కు 4. అమ్మగారు కాఫీ ఇచ్చి, ఈ రోజు నువ్వున్నావని బుద్ధిగా వస్తోందేమో అన్నారు. ఆరు కావడానికి పది నిమిషాలు ఉందనగా ఆవిడ దేవుడి గదిలోకి వెళ్లారు. ఆ తరువాత కొద్ది నిమిషాలకే వైఫై పింగ్ 60 దాటింది, 400కు పోయింది, ఒకటి రెండు 1,200 కూడా తాకాయి, కొన్ని తిరిగి రానే లేదు. కేబుల్ మీద ఉన్న రెండు పింగులూ 1, 14 దగ్గర కదలకుండా ఉన్నాయి. టీవీలో బఫర్ హెల్త్ పడిపోయి, వీడియో 1080 నుంచి 480కు, అక్కడి నుంచి 240కు దిగింది. బయటి లైన్ మీద నేను ఇన్నాళ్లు వేసిన నింద ఆ నిమిషంలో రద్దయింది.

రౌటర్ పేజీలో కలిసి ఉన్న పరికరాల జాబితా తెరిస్తే 2.4 బ్యాండ్‌లో పేరు లేనివి మూడు కనిపించాయి. వాటి సిగ్నల్ మైనస్ 79, 81, 84 డీబీఎం. ఇవేమిటని అడగడానికి సార్ కోసం బాల్కనీలోకి వెళ్లినవాణ్ని, కిందికి చూస్తే గేటు స్తంభం మీద సన్నని ఎర్రటి చుక్కలు కొన్ని వెలుగుతున్నాయి. వాటి చుట్టూ పురుగులు ముసురుతున్నాయి. అమ్మగారు దీపం పెట్టిన వేళకే గేటు కెమెరా కూడా తన దీపం పెట్టుకుంది.

సెప్టెంబరు మొదటి వారంలో బెంగళూరులో ఉన్న కూతురి దగ్గరకు వెళ్లే ముందు వాళ్లు మూడు వైఫై కెమెరాలు పెట్టించారు: ఒకటి గేటుకు, ఒకటి పోర్టికోలో, ఒకటి డాబా మెట్ల దగ్గర. వంద ఎంబీపీఎస్ ప్లాన్‌కు మారింది కూడా ఆ వారమే. ఎప్పటి నుంచి ఈ బాధ అని నేను అడిగితే "కొత్త ప్లాన్ తీసుకున్నప్పటి నుంచి" అన్నారు. ఇంటర్నెట్‌లో కొత్తగా ఏం మార్చారని అడిగాను గానీ ఇంట్లో కొత్తగా ఏం వచ్చిందని అడగలేదు. కెమెరా వారి లెక్కలో ఇంటర్నెట్ సామాను కాదు, తాళం లాంటిది.

ఈ కెమెరాలు కదలిక కనిపించినప్పుడు మాత్రమే వీడియోను క్లౌడ్‌కు పంపుతాయి. పగలు గేటు ముందు ఎవరైనా నడిస్తే కొన్ని సెకన్లు పంపి ఊరుకుంటాయి. చీకటి పడగానే ఇన్‌ఫ్రారెడ్ బల్బులు వెలుగుతాయి. లెన్స్ ముందే ఎగిరే పురుగులు ఆ వెలుగుకు మెరుస్తాయి. సాలీడు ఉంటే దాని గూడు గాలికి ఊగుతుంది. కెమెరాకు అవన్నీ కదలికలే. దానికి తోడు తక్కువ వెలుతురులో తీసిన చిత్రంలో చుక్కలచుక్కల నాయిస్ ఎక్కువగా ఉంటుంది కాబట్టి, దాన్ని కుదించడం కష్టమై డేటా కూడా పెరుగుతుంది. వాన కురిసిన సాయంత్రాలు ఉసిళ్లు లేచాయంటే ఇక చెప్పనవసరం లేదు. మూడు కెమెరాలూ ఒక్క నిమిషం ఆగకుండా పంపుతూనే ఉంటాయి.

అయితే ఒక్కో కెమెరా పంపేది సుమారు 2 ఎంబీపీఎస్. మూడూ కలిపి ఆరు. రెండు వందల ప్లాన్ ఉన్న ఇంటిని ఆరు ఎలా ముంచింది? ఈ ప్రశ్నను సార్ అడిగారు, లెక్కల మాస్టారు కాబట్టి జవాబు కూడా లెక్కలోనే కావాలన్నారు. వైఫైలో ఒక ఛానల్‌లో ఒక క్షణంలో ఒక్కరే మాట్లాడాలి, మిగిలినవారు ఆగాలి. కాబట్టి అక్కడ ఖర్చయ్యేది డేటా కాదు, కాలం. దగ్గర ఉన్న పరికరం గబగబా చెప్పి తప్పుకుంటుంది. సిగ్నల్ మైనస్ 84లో ఉన్న గేటు కెమెరా, 802.11ఎన్‌లో అన్నిటికన్నా నెమ్మదైన 6.5 ఎంబీపీఎస్ రేటుతో, అక్షరం అక్షరం కూడబలుక్కుని చెబుతుంది. 6.5 రేటుతో 2 ఎంబీపీఎస్ పంపాలంటే ప్రతి సెకనులో దాదాపు మూడో వంతు గాలి దానికే పోతుంది. మధ్యలో చెడిపోయి మళ్లీ పంపినవీ, ప్రతి ప్యాకెట్‌కూ (డేటా ముక్కకూ) ఉండే అదనపు వ్యవధీ కలిపితే సగం దాకా పోవచ్చు. అలాంటివి మూడు. టీవీకి దొరికేది వాటి మధ్య సందులు మాత్రమే. ప్లాన్ రెండు వందలైనా వెయ్యి అయినా, రౌటర్ వరకు వచ్చి నిలబడిన నీళ్లు ఆ సన్నని గొట్టంలో నుంచే టీవీకి పోవాలి.

సందేహం మిగలకుండా మూడింటినీ ఒక్కొక్కటిగా ప్లగ్ తీయించాను. గేటు కెమెరా తీయగానే పింగ్ 400 నుంచి 90 ప్రాంతానికి, డాబాది తీయగానే 20కి, పోర్టికోది కూడా తీశాక మళ్లీ 4కు వచ్చింది. తిరిగి పెడితే తిరిగి పెరిగింది.

మరి అదే వేళలో సార్ చూసే సినిమాలు ఇంతగా పాడవకపోవడానికి కారణం వేరు. నేటి వీడియో సేవలు వీడియోను కొద్ది సెకన్ల ముక్కలుగా కోసి, ప్రతి ముక్కనూ అనేక నాణ్యతలలో సిద్ధంగా ఉంచుతాయి. ముక్కలు ఎంత త్వరగా అందుతున్నాయో చూసి ప్లేయర్ తరువాతి ముక్క నాణ్యతను నిర్ణయించుకుంటుంది. సినిమా అయితే ముందుగానే నిమిషం రెండు నిమిషాల సరుకు దాచుకుని ఒడుదొడుకులను దాటుతుంది. ప్రత్యక్ష ప్రసారంలో దాచుకోవడానికి ముందున్న దృశ్యం ఇంకా జరగనే లేదు, కాబట్టి బఫర్ కొన్ని సెకన్లే ఉంటుంది. గాలి ఒక్క పది సెకన్లు ఇరుకైనా మొదట దెబ్బ తగిలేది వాహన సేవకే. ఇంట్లో ఆ భక్తి ఛానల్‌నే తప్పు పట్టారు, పాపం.

పరిష్కారంలో పెద్ద విద్య ఏమీ లేదు. టీవీకి లాన్ కేబుల్ వేయాలన్నాను. గ్రానైటు మీద కేబుల్ పారించడానికీ, గోడకు రంధ్రం కొట్టడానికీ అమ్మగారు ఒప్పుకోలేదు. పాత కేబుల్ టీవీ కోసం గోడలో వేసిన పైపు ముందు గది నుంచి హాల్‌కు ఉంది. దానిలోని పాత కోయాక్సియల్ తీగ చివరకు కొత్త క్యాట్ 6 కేబుల్‌ను కట్టి లాగితే వచ్చేసింది, పద్దెనిమిది మీటర్లు. ఆ టీవీ లాన్ పోర్టు వంద ఎంబీపీఎస్ మాత్రమే ఇస్తుంది; ఇలాంటి టీవీలలో అది మామూలే, 4కేకు కూడా అది ధారాళం. టీవీ ఒక్కదాని బాధ దీనితో తీరింది. కానీ కెమెరాలను అలాగే వదిలేస్తే కింది వాటా వారి ఫోన్లు, రేపు కొనబోయే మరో పరికరం అదే బాధ పడతాయి. సార్ దగ్గర అటక మీద పడి ఉన్న పాత రౌటర్‌ను దించి, యాక్సెస్ పాయింట్‌గా (కేబుల్‌తో వచ్చిన నెట్‌ను వైఫైగా పంచే పరికరంగా) మార్చి, పోర్టికో పైకప్పు కింద కేబుల్‌తో కలిపి, 11వ ఛానల్‌లో పెట్టాను. గేటు కెమెరా సిగ్నల్ మైనస్ 84 నుంచి మైనస్ 58కి, దాని రేటు 6.5 నుంచి 65కి మారింది. అంటే అదే పనిని పదో వంతు కాలంలో ముగిస్తోంది. కెమెరా యాప్‌లో కదలికను చూసే ప్రాంతాన్ని గేటు వరకే కుదించి, లెన్స్ చుట్టూ ఉన్న సాలెగూళ్లను కొబ్బరి చీపురుతో దులిపించాను.

ఒక ఫిర్యాదు మాత్రం తీరలేదు. సార్ పడకగదిలో వాడే టాబ్లెట్‌లో యూట్యూబ్ స్పష్టంగా వస్తుంది గానీ, డబ్బు కట్టి చూసే యాప్‌లలో సినిమా ఎప్పుడూ అలుక్కుపోయినట్టే ఉంటుంది. దీనికి నెట్‌వర్క్‌తో సంబంధమే లేదు. ఆండ్రాయిడ్ పరికరాలలో వైడ్‌వైన్ అనే రక్షణ వ్యవస్థ ఉంటుంది. అది ఎల్1 స్థాయిలో ఉన్న పరికరానికే చాలా సేవలు హెచ్‌డీ పంపుతాయి, ఎల్3 అయితే సాధారణంగా 480పీతో ఆపేస్తాయి. ఆయన టాబ్లెట్ ఎల్3. అది తయారైనప్పుడు నిర్ణయమైన విషయం, సెట్టింగ్స్‌లో మార్చేది కాదు. ఆయన రెండోసారి అడిగి, రాయించుకుని, తరువాతి టాబ్లెట్ కొనేటప్పుడు దుకాణంలో అడగవలసిన మాటగా ఆ పదాన్ని డైరీలో పెట్టుకున్నారు. ప్లాన్‌ను మూడు నెలలు పూర్తయ్యాక వందకే దించమన్నాను.

నవంబరులో ఒక వాన సాయంత్రం, ఉసిళ్లు బాగా లేచిన రోజున, నేనే ఫోన్ చేసి అడిగాను. టీవీ ఎలా వస్తోందని అడిగితే అమ్మగారు, "స్వామి మెడలో హారం ముత్యాలు లెక్కపెట్టుకోవచ్చు నాయనా" అన్నారు. వెనక నుంచి సార్ గొంతు వినిపించింది. కదలిక కనిపించిందంటూ గేటు కెమెరా ఆయన ఫోన్‌ను నిమిషానికోసారి మోగిస్తోందట. కెమెరా ఇన్‌ఫ్రారెడ్ బల్బును ఆపి, దానికి నాలుగు అడుగుల దూరంలో గేటు రెండో స్తంభానికి ఒక పసుపు రంగు ఎల్‌ఈడీ బల్బు పెట్టించమన్నాను. ఉసిళ్లు ఇప్పుడు అక్కడికి పోతున్నాయి.